నాలుగు చారల ఈగ

బరంపురం బడాబజార్‌లో పప్పుధాన్యాల టోకు దుకాణం నడిపే రాఘవేంద్రను ఊళ్లో అందరూ గౌరవంగానే పిలుస్తారు. ఆయన భార్య సాయిపద్మను మాత్రం బంధువులు చాటుగా ఈగల పద్మ అంటారు. ఫొటో చూసి అది ఏ జాతి ఈగో చెప్పడం ఆమె వ్యాపకం.

దేశదేశాల జనం తమ పెరట్లోనో పొలంలోనో కనిపించిన పురుగును ఫొటో తీసి ఇంటర్నెట్లో పెట్టి, ఇదేమిటో చెప్పండని అడిగే చోటు ఒకటుంది. సీతాకోకచిలుకకు పేరు చెప్పడానికి పదిమంది పరుగెత్తుకొస్తారు. ఈగ అనేసరికి అందరూ జారుకుంటారు. జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, పెళ్లయ్యాక దుకాణం మీది మేడకే పరిమితమైపోయిన పద్మ ఆ ఖాళీలో పోయి కూర్చుంది. పదకొండేళ్లలో ఆరువేల ఫొటోలకు జవాబిచ్చింది.

నిజానికి ఆమె ఒకచోట కుదురుగా కూర్చునే మనిషి కాదు. అన్నం ఉడికేలోపు రెండుసార్లు డాబా ఎక్కి దిగుతుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎదుటివాళ్ల బల్ల మీద వస్తువులు సర్దేస్తుంది. ఫొటో ముందు కూడా కాళ్లు ఊగుతూనే ఉంటాయి గాని కళ్లు మాత్రం కదలవు. వీపు మీద చారలెన్ని, రెక్కలోని నాలుగో ఈనె అంచు దగ్గర వంగిందా, తిన్నగా పోయిందా, ముఖం మీద వెంట్రుకలు ఎటు తిరిగాయి, ఇవన్నీ చూసిగాని నోరు విప్పదు. మలేషియాలో ఎవరో బడిపంతులు పెట్టిన ఫొటోతో రెండు రోజులు తంటాలు పడి, చివరకు 'ఈ ఫొటోతో చెప్పలేం' అని రాసిన సందర్భం కూడా ఉంది.

అలాంటి మనిషి, సొంత ఆడపడుచు భర్త అడిగితే అర నిమిషంలో చెప్పేసింది.

అది మాఘమాసంలో ఒక పొద్దున. పద్మ ఉప్మాకు పోపు వేస్తోంది. మాత్రలు వేసుకోవడానికి టిఫిను కోసం ఎదురు చూస్తూ అత్తగారు వాసవీకుమారి బల్ల దగ్గర కూర్చుని గ్లాసుతో చప్పుడు చేస్తోంది. ఫోను మోగింది. హుమ్మ దాటాక సముద్రం వైపు గుడ్లకోళ్ల ఫారం నడిపే రవికాంత్ ఒక ఫొటో పంపి, కింద మాట రికార్డు చేసి పెట్టాడు.

"సెల్లెమ్మా, మా ఫారం పక్కన బడిలో తీసిన ఫొటో ఇది. ఈగేటో కాస్త సూసి సెప్పు. కోళ్లఫారందా, సేపల మీద వాలేదా? పేటోళ్లు ఊరికే గోల సేస్తన్నారు."

అన్నం పళ్లెం అంచున ఒక ఈగ. రెక్కలు కదిలిపోయి మసగ్గా ఉన్నాయి. ఒళ్లు ఆకుపచ్చగా మెరుస్తోంది. పద్మ ఒక చేత్తో గరిటె తిప్పుతూ రెండో చేత్తో ఫోను నోటి దగ్గర పెట్టుకుంది.

"అన్నయ్యగారూ, ఇది సేపల మీద వాలే ఈగండి. పచ్చగా మెరుస్తన్నాది సూడండి. కోళ్లపెంటలో పుట్టే ఇంటీగకి ఆ మెరుపుండదు."

మాట వెళ్లిపోయింది. ఉప్మా దించింది. ఆ సంగతి మరచిపోయింది.

మూడు వారాల తర్వాత ఒక మంగళవారం మధ్యాహ్నం దుకాణం గుమస్తా పైడన్న మెట్ల కింద నుంచి పిలిచాడు. కింద ఒకామె నిలబడి ఉంది. ముప్పై ఏళ్లుంటాయి. ఖాళీ గంప చంకన పెట్టుకుంది. చీరకు ఎండుచేపల వాసన పట్టి ఉంది. అది గుమస్తాకు ఇబ్బందిగా ఉన్నట్టు ఆమెకు తెలుసు గాబోలు, గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"ఈగల పేర్లు సెప్పే అమ్మ మీరేనా?" అని అడిగింది.

"హఉ, నాను సెప్తాను. ఏటి కావాల?"

"నా పేరు మాధవి. హుమ్మ అవతల సిన్నగండిపేట మాది." ఆమె ఫోను తీసి ఏదో నొక్కింది. చిటపటమని ఆవాలు పేలుతున్న శబ్దం, దాని మీద ఒక ఆడగొంతు. 'ఇది సేపల మీద వాలే ఈగండి.' తన గొంతు పరాయివాళ్ల చేతిలోంచి వినబడేసరికి పద్మకు ముఖం వెచ్చబడింది.

"ఈ మాట మీదేనా అమ్మా?"

"నాదే."

"మా పేటకెప్పుడొచ్చినారు?"

"రాలేదు."

"రాకుండా ఎలగ సెప్పినారు?"

మాధవి గంప కింద పెట్టి, కోపం లేకుండా, జరిగింది జరిగినట్టు చెప్పింది. పుష్యమాసం నుంచి పేటలో ఈగలు. గిన్నె మూత తీస్తే గిన్నె నిండా, పిల్ల నిద్రపోతే ముఖం నిండా. బడిలో మధ్యాహ్నం అన్నం తిన్న పిల్లలకు వాంతులు, విరేచనాలు. ఇద్దర్ని ఆసుపత్రిలో పెట్టారు. కోళ్లఫారం వాళ్లు పెంట తెచ్చి కంచె బయట పోస్తున్నారని పేట ఆడవాళ్లు పంచాయతీకి ఫిర్యాదు ఇచ్చారు. రవికాంత్ ఈ మాట తెచ్చి మైకులో పెట్టి అందరికీ వినిపించాడు, ఫోన్లకూ పంపించాడు. బరంపురంలో పెద్ద చదువు చదివినావిడ చెప్పింది, ఈగలు మీ చేపల మీంచి వస్తున్నాయన్నాడు. విచారణ అయ్యేదాకా చేపలు ఎండబెట్టడం ఆపమని పంచాయతీ వాళ్లు చెప్పారు. ఇరవై రెండు కుటుంబాలు చేపలు ఆరేసుకునే తడికెలు పీకించారు.

"తడికెలు తీసి రెండు వారాలయినాది. ఈగలు తగ్గినాయేటి? తగ్గలేదు. నెత్తళ్లు పడే రోజులమ్మా ఇవి. ఎండబెట్టనియ్యకపోతే పచ్చివే అయినకాడికి అమ్ముకుని, మిగిలినవి ఇసకలో కప్పెట్టేస్తన్నాం."

గంప పక్కకు జరిపి మళ్లీ అంది. "మా సేపల మీద ఈగల్ని నాను రోజూ తోలతాను కదమ్మా. అది లావుగా, నీలంగా ఉంటాది. జుమ్మని సప్పుడు సేస్తాది. బడిలోది బూడిద రంగుది, సన్నంది. నాకు పేర్లు తెలవు గాని రెండూ ఒకటి కాదు."

పద్మ నిలబడ్డచోటే ఫోను తీసి ఆ ఫొటో వెతికింది. ఈసారి వేళ్లతో పెద్దది చేసి చూసింది. ఈగ ఆకుపచ్చగానే ఉంది. ఈగ పక్కన మెతుకు కూడా ఆకుపచ్చగానే ఉంది. స్టీలు పళ్లెం అంచూ, పట్టుకున్న పిల్లవాడి బొటనవేలి గోరూ, అన్నీ ఆకుపచ్చగానే ఉన్నాయి.

"బడి వరండాకి ఏటి కప్పినారు?" అని అడిగింది.

"ఎండ పడకండా పరదా కట్టినారు. పచ్చ పరదా."

ఆ వెలుగే ఈగ మీద పడింది. మెరుపనుకున్నది పరదా రంగు. వీపు మీద చారలున్నాయా లేవా తెలియదు, రెక్కలో ఈనె అసలు కనబడదు. ఆ రోజు చెప్పవలసిన మాట ఒకటే, ఈ ఫొటోతో చెప్పలేం అని. మలేషియా పంతులికి చెప్పగలిగిన మాట, ఇంటి మనిషికి చెప్పలేకపోయింది.

"నాను తప్పు సెప్పీసినాను, మాధవీ," అంది.

"మరి ఆ మాట కూడా మైకులో సెప్తారా?" అంది మాధవి.

ఆమె వెళ్లాక పద్మ రవికాంత్‌కు ఫోను చేసింది. నడుస్తూనే మాట్లాడింది, వంటింటి నుంచి వరండాకు, వరండా నుంచి వంటింటికి.

"సెల్లెమ్మా, నాను అడిగినాను, నువ్వు సెప్పినావు," అన్నాడు రవికాంత్. గొంతులో కపటం లేదు. నిజంగానే ఆశ్చర్యపోయినట్టున్నాడు. "నాను నీ నోట్లో మాట పెట్టినానేటి? ఇప్పుడు కాదంటే నా ముఖం ఎక్కడ పెట్టుకోవాల? మళ్లీ వారం బ్లాకు ఆఫీసోళ్లు ఒస్తన్నారు. దయసేసి నువ్వు ఇందులోకి రాకు."

సాయంత్రం రాఘవేంద్రకు చెప్పింది. ఫారానికి మొక్కజొన్నలూ తవుడూ వెళ్లేది ఈ దుకాణం నుంచే. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"బావతో తగువు పెట్టుకుంటావేటి పద్మా, ఒక ఈగ కోసం?"

"ఈగ కోసం కాదండి. నా మాట పట్టుకుని ఇరవై రెండిళ్ల తడికెలు పీకినారు."

"నువ్వు కావాలని సెప్పలేదు కదా."

"సూడకండా సెప్పినాను. సూసేదాకా నాకు కాలు నిలవదు."

"ఎప్పుడు నిలిచింది గనక?" అన్నాడాయన. అందులో నవ్వు లేదు. వెళ్లమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

ఆ రెండు రోజులూ పద్మ ఏ పనీ ముగించలేదు. సగం బట్టలు ఆరేసి సగం బకెట్టులో వదిలేసింది. పాలు రెండుసార్లు పొంగించింది. గురువారం పొద్దున్నే ఫోనుకు తగిలించే భూతద్దం, పట్టుకారు, రెండు ఖాళీ ఊరగాయ సీసాలు సంచిలో వేసుకుని బస్సెక్కింది.

హుమ్మలో మాధవి ఎదురు చూస్తోంది. ఆటో ఉప్పుమళ్ల గట్టు మీదుగా వెళ్లింది. ఎండకు తెల్లగా మెరిసే మళ్లు దాటాక సరుగుడు చెట్లు, వాటి వెనక పేట. పద్మ కుటుంబంలో ఏడు తరాలుగా నీచు ముట్టలేదు. గాలి మారగానే నీచు వాసన కొట్టింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోవాలనిపించింది. మాధవి పక్కనే నడుస్తోంది గనక పెట్టుకోలేదు.

మాధవి అత్త కాసమ్మ గుడిసె ముందు వల బాగుచేసుకుంటోంది. తలెత్తి చూసింది.

"ఈవిడేనా?"

"హఉ, ఈవిడే."

కాసమ్మ మళ్లీ వల మీదికి వంగింది. కూర్చోమనలేదు.

పద్మ పని మొదలెట్టింది. బడిలో అన్నం వేళకు వెళ్లి, టీచరు అనుమతి అడిగి, పచ్చ పరదా ఒక పక్కకు తీయించి, ఎండవెలుగులో ఈగల్ని ఫొటోలు తీసింది. వంట గది గుమ్మం, నీళ్ల తొట్టె, పిల్లల పళ్లేలు. ఒక్కొక్క దానికి పైనుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి. సగం ఎగిరిపోయేవి. గొంతుకూర్చుంటే మోకాళ్లు నొప్పి పుట్టాయి. లేచి, నాలుగడుగులు తిరిగి, మళ్లీ కూర్చుంది. నలభై ఈగలకు సరిపడా మంచి ఫొటోలు వచ్చేసరికి మూడయింది.

వరండాలోనే కూర్చుని ఒక్కొక్కటీ పెద్దది చేసి చూసింది. బూడిద రంగు వీపు, దాని మీద నాలుగు నల్ల చారలు, రెక్క అంచు దగ్గర మోచెయ్యిలాగా పైకి వంగిన ఈనె. ఇంటీగ. రెండోది ఇంటీగ. మూడోది ఇంటీగ. పదకొండో ఫొటోలో నీలపచ్చ లోహం రంగు, పెద్ద ఎర్ర కళ్లు. చేపల ఈగ. నలభైలో ముప్పై ఏడు ఈగలు నాలుగు చారలవి, మూడు నీలంవి.

మాధవి భుజం మీంచి తొంగిచూస్తోంది. "ఆ మూడూ తీసెయ్యండమ్మా."

"తియ్యకూడదు."

"మూడే కదా. అవి సూపిస్తే వాళ్లు అవే పట్టుకుంటారు."

"ఒకసారి ఉన్నది సూడకండా సెప్పినాను. ఇప్పుడు సూసింది దాస్తే ఇంకేటి మిగుల్తాది?"

మాధవి ముఖం ముడుచుకుంది. అయినా వెంట నడిచింది.

ఫారం కంచె బయట, కొబ్బరిచెట్ల మధ్య, కోళ్లపెంట నడుమెత్తు గుట్టలుగా పోసి ఉంది. పైన ఎండిపోయి బూడిదలా ఉంది. పద్మ కర్రతో తవ్వితే లోపల తడి. ఆ తడిలో తెల్ల పురుగులు కుతకుతలాడుతున్నాయి. వాటి పక్కన గోధుమ గింజలంత ఎర్రటి గుల్లలు వందలకొద్దీ. ఈగ కాబోయే పురుగు తన చుట్టూ కట్టుకునే గూడు అది. పద్మ పట్టుకారుతో యాభై గుల్లలు ఏరి ఒక సీసాలో వేసి, సీసా మూతికి గుడ్డ కట్టింది. తర్వాత పేటకు తిరిగొచ్చి, పచ్చిచేపల పేగులు పారేసే గొయ్యి ఎక్కడని అడిగింది.

అప్పుడు కాసమ్మ లేచింది.

"మా గొయ్యి ఎందుకు? మా మీదే మళ్లీ రాయడానికా?"

"అక్కడ ఏది పుడతన్నాదో తెలియాల అమ్మా."

"అక్కడా పురుగుంది. మా తాతల్నాటి నుంచీ ఉన్నాది. దానికి పిల్లలెవరూ ఆసుపత్రికి ఎల్లలేదు."

"ఆ మాట నాను వట్టినే సెప్తే ఎవరు నమ్ముతారు? సీసాలోంచి బయటికొచ్చింది సూపిస్తాను. నీలంది వస్తే నీలమనే సెప్తాను, బూడిదది వస్తే అదే సెప్తాను."

కాసమ్మ చేత్తో గొయ్యి వైపు చూపించి, వల తీసుకుని లోపలికి పోయింది. గొయ్యి లోతు లేదు. పైన ఇసుక కూడా సరిగా కప్పలేదు. అక్కడి గుల్లలతో రెండో సీసా నిండడానికి పావుగంట పట్టలేదు.

ఇంట్లో వాసవీకుమారి సీసాల్ని గుర్తుపట్టింది.

"ఆవకాయ సీసాల్లో పురుగులేటే తల్లీ?"

"కొత్త సీసాలు కొనిస్తానత్తయ్యా."

"కొంటే పోనాదేటి? ఇంటిలోకి తెచ్చీసినావు కదా."

సీసాలు డాబా మీద నీళ్ల ట్యాంకు నీడలో పెట్టింది. రోజుకు పదిసార్లు ఎక్కి చూసింది. గుల్లలు కదలవు, మెదలవు. ఎండ ఎక్కువై చచ్చిపోయాయేమోనని చెమ్మగుడ్డ కప్పింది. చెమ్మకు బూజు పడుతుందేమోనని తీసేసింది. ఏమీ పుట్టకపోతే ఎలాగన్నది ఒక బెంగ. రెండు సీసాల్లోనూ ఒకటే పుడితే? పెంటలోంచి నీలంవి లేస్తే? అప్పుడూ నిలబడి చెప్పాలి కదా. శుక్రవారం, శనివారం, ఆదివారం ఇలాగే గడిచాయి. రాఘవేంద్ర దుకాణంలోంచి భోజనానికి వచ్చి, ఆమె మెట్లు ఎక్కడం, దిగడం చూసి, తిని వెళ్లేవాడు.

సోమవారం పొద్దున మొదటి సీసాలో ఒక గుల్ల మూత ఊడింది. లోపలి నుంచి వెలసిపోయిన ఈగ ఒకటి, నలిగిన కాగితంలాంటి రెక్కలతో, పాక్కుంటూ బయటికి వచ్చింది. పద్మ అక్కడే కూర్చుండిపోయింది. ఆ ఒక్క గంటా ఆమె కాళ్లు ఊగలేదు. రెక్కలు మెల్లగా విచ్చుకున్నాయి, ఒంటికి రంగు ఎక్కింది, వీపు మీద నాలుగు చారలు తేలాయి. మంగళవారం సాయంత్రానికి ఆ సీసా నిండా అవే. రెండో సీసాలో బుధవారం నీలంవి లేచాయి. అన్నీ నీలంవే.

గురువారం విచారణ బడి వరండాలోనే జరిగింది. బ్లాకు ఆఫీసు నుంచి ఒక అధికారిణి వచ్చింది, ఒడియా గుమస్తా ఒకడు ఆమెతో ఉన్నాడు. పంచాయతీ పెద్ద తవిటయ్య, పేట ఆడవాళ్లు, ఫారం పనివాళ్లు ఉన్నారు. రవికాంత్ ముందు కుర్చీలో కూర్చున్నాడు. పద్మను చూడగానే అతని ముఖం వాడిపోయింది.

తవిటయ్య పాత రికార్డింగు పెట్టబోతే పద్మ లేచింది. ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పింది. "ఆ గొంతు నాదే. ఆ మాట తప్పు. ఫొటో సరిగా సూడకండా సెప్పినాను. పరదా రంగు ఈగ మీద పడితే ఈగ రంగే అనుకున్నాను."

గుసగుసలు లేచాయి. రవికాంత్ కుర్చీలోంచి లేవకుండానే అన్నాడు. "ఆ రోజు ఒకలాగ సెప్పినావు, ఈ రోజు ఇంకోలాగ సెప్తన్నావు. ఏది నమ్మమంటావు సెల్లెమ్మా? రేపు మూడోది సెప్తావు."

ఆ మాట తగిలింది. అది న్యాయమైన మాట గనకే తగిలింది.

"నన్ను నమ్మొద్దు అన్నయ్యగారూ," అంది పద్మ. "మీరే సూడండి."

ఆమె ల్యాప్‌టాప్ తెరిచి నలభై ఫొటోలూ వరసగా చూపించింది. నీలంవి మూడూ ఎక్కడున్నాయో తనే వేలు పెట్టి చూపించింది. వెనక ఆడవాళ్లలో ఎవరో గట్టిగా నిట్టూర్చారు. తర్వాత రెండు సీసాలు బల్ల మీద పెట్టి, ఏది ఎక్కడ నుంచి తెచ్చిందో చెప్పి, భూతద్దం అధికారిణి చేతికిచ్చింది. వీపు మీద చారలు లెక్కపెట్టండి అంది. అధికారిణి ఒక కన్ను మూసి సీసా మీదికి వంగి, "ఏక, దుయి, తిని, చారి," అని ఒడియాలో పైకే లెక్కపెట్టింది. సీసా పక్కకు పెట్టి రెండోది తీసుకుంది. అక్కడ లెక్కపెట్టడానికేమీ లేదు. తవిటయ్య చూశాడు. టీచరు చూసింది. ఫారం పనివాళ్లలో ఒకడు చూసి, వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. చివరికి రవికాంత్ కూడా లేచి వచ్చి చూశాడు. చాలాసేపు చూశాడు.

"పెంట కంచె బయట పొయ్యమని నాను సెప్పలేదు," అన్నాడు మెల్లగా. "పెంట తోలుకెల్లే బళ్లు రాక పనోళ్లు పోసీసినారు."

తీర్పు రెండు వైపులా పడింది. పెంట గుట్టలు వారంలోగా తీసేయాలి. ఇక మీదట కప్పు కింద ఉంచి, ఎప్పటికప్పుడు తోలించాలి. పేటవాళ్లు తడికెలు మళ్లీ కట్టుకోవచ్చు గాని చేపల మీద సన్నకళ్ల వల కప్పాలి, పేగులు లోతుగా పూడ్చాలి. ఈ రెండో మాట పద్మ ఫొటోల్లోని ఆ మూడు ఈగల వల్లే వచ్చింది. పేట ఆడవాళ్లలో కొందరు ఆమెకేసి చూడకుండానే వెళ్లిపోయారు.

సరుగుడు చెట్ల దగ్గర కాసమ్మ ఆగి ఉంది.

"తడికెలు కట్టుకోమన్నారు. మంచిదే," అంది. "నెత్తళ్ల జోరు పోయిన వారంతో అయిపోనాది. మళ్లీ ఏడాదికే. అది ఎవరు తెస్తారు?"

కాసమ్మ జవాబు కోసం ఆగలేదు.

ఇంటికొచ్చాక జరగవలసినవి జరిగాయి. రవికాంత్ మొక్కజొన్నలకు చికిటి ఊళ్లో ఇంకో వర్తకుడిని చూసుకున్నాడు. ఆడపడుచు నీరజ తల్లికి ఫోను చేస్తోంది గాని పద్మకు ఇమ్మని అడగడం లేదు. రాఘవేంద్ర నెలరోజులపాటు అవసరమైన మాటలే మాట్లాడాడు. పద్మ ఆ రోజుల్లో తన ఆరువేల జవాబులూ మొదటి నుంచి తిరగేయడం మొదలెట్టింది. తొందరలో చెప్పినవి, తెలిసినవాళ్లు అడిగితే చెప్పినవి, ఫొటో మసకగా ఉన్నా పేరు పెట్టేసినవి. అలాంటివి దొరికిన చోటల్లా పేరు తీసేసి, 'ఈ ఫొటోతో చెప్పలేం' అని రాసింది. నాలుగు వందలు దాటాయి. ఇంకా సగం కూడా అవలేదు.

ఒక మధ్యాహ్నం రాఘవేంద్ర వచ్చి పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కాసేపు తెరకేసి చూశాడు.

"ఇవన్నీ తప్పులేనేటి?"

"తప్పో ఒప్పో తెలీదండి. తెలీకండా సెప్పినవి."

"నా దుకాణంలో కూడా అలగ సెప్పిన మాటలుంటాయి," అన్నాడాయన. కుర్చీలోంచి లేచాడు. "మళ్లీ ఎప్పుడెల్తన్నావు ఆ పేటకి?"

"మంగళవారం. బడిలో ఈగల్ని మళ్లీ లెక్క పెట్టాల."

"బస్టాండు దాకా నాను దింపుతాను. అక్కడ బస్సులో సీటు దొరుకుతాది."

మంగళవారం బడిలో అన్నం వేళకు ఎంత వెతికినా ఈగలు పదకొండుకు మించలేదు. పెంట గుట్టలున్న చోట నేల నల్లగా మిగిలింది. పద్మ ఫొటోలు తీసుకుని పేట వైపు నడిచింది. కొత్త తడికెల మీద ఏవో చిన్న చేపలు ఎండుతున్నాయి, నెత్తళ్లు కావు. సముద్రపు గాలికి పైన కప్పిన నీలం వల ఒక పక్క లేచి కొట్టుకుంటోంది. కాసమ్మ ఒక్కతే దాన్ని లాగి కట్టాలని చూస్తోంది. ఆ చివర పట్టుకుంటే ఈ చివర లేస్తోంది.

పద్మ కొంచెం దూరంలో ఆగింది. కాసమ్మ ఆమెను చూసింది. పలకరించలేదు. వల అంచు పట్టుకొమ్మని చేత్తో సైగ చేసింది. పద్మ సంచి ఇసుకలో పెట్టి, వంగి, చేపల మీదుగా వల లాగి పట్టుకుంది.